ఈ ఒట్టు ఎవరు తీస్తారు?

నోటరీ కావాలంటే అయిదుగురి సంతకాలు కావాలి. ఈ సంగతి మా నాన్నకు చెప్పడమే నేను చేసిన మొదటి తెలివితక్కువ పని.

నోటరీ పదవికి పెట్టుకునే అర్జీని మా వకీళ్ళు మెమోరియల్ అంటారు. మామూలుగా పదేళ్ళు వకీలుగా పనిచేసినవాళ్ళు పెట్టుకోవచ్చు, ఆడవాళ్ళకైతే ఏడేళ్ళు చాలు. ఆ కాగితం కింద ఒక మేజిస్ట్రేటు, ఒక బ్యాంకు మేనేజరు, ఒక వ్యాపారి, ఆ ప్రాంతంలో ప్రముఖులైన ఇద్దరు నివాసులు సంతకాలు చెయ్యాలి. ఈవిడ మాకు తెలుసు, నమ్మదగ్గ మనిషే అని వాళ్ళ పూచీ అన్నమాట. మొదటి ముగ్గురినీ కాళ్ళరిగేలా తిరిగి నేనే పట్టుకున్నాను. మిగిలిన ఇద్దరి సంగతి నాకొదిలెయ్ అన్నాడు నాన్న.

నాన్న బెంగాల్లోని ఖిదిర్‌పూర్ డాకులో, అంటే ఓడరేవులో, క్రేను నడిపి రిటైరయ్యాడు. శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడు వచ్చిన కుటుంబాలన్నీ డాకు గోడ పక్కన రేకుల ఇళ్ళలో ఉండేవి. దాన్ని లైను అంటాం. నేను పుట్టిందీ, తెలుగు నేర్చిందీ, దెబ్బలు తిన్నదీ ఆ లైనులోనే. పెళ్ళయ్యాక బెహాలా వెళ్ళిపోయాను కానీ, నేను వకీలుగా పనిచేసే అలీపూర్ కోర్టుకు లైను దగ్గరే కాబట్టి వారానికో పూట అక్కడే తిని పోతుంటాను.

ఆదివారం పొద్దున్న వెళ్ళేసరికి నాన్న ఒక ప్రముఖురాలిని సిద్ధం చేసి మంచం మీద కూర్చోబెట్టాడు. ఆవిడ మామ్మ. ఎవరికి మామ్మ అని అడగకూడదు, లైనంతటికీ మామ్మే. పిల్లలకు దిష్టి తియ్యడం దగ్గర్నుంచి మొగుడూపెళ్ళాల తగువులు తీర్చడం దాకా అన్నీ ఆవిడ చేతిమీదుగానే జరుగుతాయి. ఆ రోజు తలకు నూనె రాసుకుని, పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని, ఎడమచేతి బొటనవేలు మాత్రం దేనికీ తగలకుండా పైకెత్తి పట్టుకుంది.

"ఏలు సబ్బెట్టి కడుక్కుని ఒచ్చినాను. ఏదే కాయితం? ఎక్కడ నొక్కాల?" అంది.

నేను నాన్న వంక చూశాను.

"నన్నేటి అలగ సూస్తావు? లైన్లో అందరికీ తెలిసిన మనిసి కావాలని నువ్వే కదే సెప్పినావు. ఈవిడ కన్నా తెలిసినోలు ఎవులున్నారు?" అన్నాడు నాన్న.

మాట నిజమే. కానీ ఆ కాగితం ప్రభుత్వం దగ్గరికి పోతుంది. సంతకం చేసేవాళ్ళు అర్జీ చదివి, సంతకం కింద తమ హోదా కూడా రాయాలి. నేను ఎంత మెత్తగా చెప్పాలో అంత మెత్తగా చెప్పాను, సంతకం చేసేవాళ్ళు కావాలి మామ్మా, వేలిముద్ర వేస్తే తిప్పి పంపేస్తారేమోనని భయం అని.

"అంటే నా ఏలు పనికిరాదంటావు" అంది మామ్మ.

"అలాగని కాదు మామ్మా..."

"మరెలాగని?"

మామ్మ ఎత్తి పట్టుకున్న వేలు దించి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, నాన్న ఇచ్చిన టీ అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. చివరికి వీధి మొగలో ఉండే హోమియోపతి డాక్టరూ, ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్సూ సంతకాలు పెట్టారు. అర్జీ వెళ్ళింది. కానీ మామ్మ నాతో మాట్లాడడం మానేసింది. నేను లైనులోకి అడుగుపెడితే చాలు, కుళాయి దగ్గర బిందె పెట్టుకుని కుళాయితో మాట్లాడేది.

"ఓలమ్మా, తప్పుకో తప్పుకో, పనికొచ్చే మనుసులొస్తన్నారు" అనేది దానితో. కుళాయి కూడా మామ్మ పక్షమే అన్నట్టు బుస్సుమనేది.

నోటరీ పదవికి జరిగే ఇంటర్వ్యూకి చదువుకున్నది కూడా నాన్న గుమ్మంలోనే. ఇంట్లో పిల్లల గోల భరించలేక పుస్తకం పట్టుకుని అక్కడికి పోయేదాన్ని. నాన్న పరీక్ష పెట్టేవాడు. ఇంగ్లీషు ఆయనకు అంతంతమాత్రం, అందుకని పుస్తకంలో మాటను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, నన్ను అర్థం చెప్పమనేవాడు. అఫిడవిట్ అంటే ప్రమాణం మీద రాసిచ్చిన మాట. డిపోనెంట్ అంటే ఆ మాట చెప్పే మనిషి. అటెస్టేషన్ అంటే నా కళ్ళముందే సంతకం చేశాడని నేను సాక్ష్యం పలకడం. జురాట్ అంటే అఫిడవిట్ చివర్లో, ఫలానా రోజున ఫలానా చోట ఈ మనిషి నా ఎదుట ప్రమాణం చేశాడు అని నోటరీ రాసే ముక్క.

ప్రొటెస్ట్ దగ్గర నాన్న ముఖం వెలిగిపోయింది. జీవితమంతా యూనియన్ జెండా మోసిన మనిషి.

"అంటే నోటరీకి ప్రొటెస్టు సేసే అధికారం గవర్నమెంటే ఇస్తాదా?"

"జెండాలు పట్టుకుని ఊరేగే మిఛిల్ కాదు నాన్నా. ఎవరైనా హుండీ, అంటే వ్యాపారుల అప్పు చీటీ, చెల్లించనంటే, చెల్లించలేదని నోటరీ రాసిస్తాడు. దాన్ని ప్రొటెస్ట్ అంటారు."

"రాసిస్తే సాలా? గేటు కాడ కూకోనక్కర్లేదా?"

అక్కర్లేదన్నాను. నాన్నకు నోటరీ పదవి మీద గౌరవం కొంచెం తగ్గింది. దానికి తోడు, ఇప్పుడా పని ఎవరూ చేయించుకోరనీ, నాకు తెలిసిన నోటరీల్లో ఒక్కరూ చెయ్యలేదనీ చెప్పేసరికి ఆ పేజీ తిప్పేశాడు.

ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, ప్రమాణానికీ ధ్రువీకరణకీ తేడా ఏమిటమ్మా అని అడిగారు. గడగడా చెప్పాను. ప్రమాణం దేవుడి మీద చేసేది. దేవుడి మీద ప్రమాణం చెయ్యడం ఇష్టం లేనివాళ్ళకు చట్టం ఇంకో దారి ఇచ్చింది, నేను చెప్పేది నిజమని గంభీరంగా ధ్రువీకరించడం. రెండింటి బలం ఒకటే, అబద్ధమని తేలితే శిక్షా ఒకటే. బాగుంది అన్నారాయన. నాకూ చాలా బాగా తెలుసనే అనుకున్నాను.

సర్టిఫికెట్ వచ్చింది. అయిదేళ్ళకు మాత్రమే, తర్వాత మళ్ళీ పొడిగించుకోవాలి. దాని వెనకే సీలు చేయించాను, అయిదు సెంటీమీటర్ల గుండ్రటిది, చుట్టూ నా పేరు, నా ప్రాంతం, నంబరు. చూపిద్దామని లైనుకు తీసుకెళ్తే నాన్న దాన్ని పాత పేపరు మీద గుద్ది, క్యాలెండరు వెనక గుద్ది, ఇంక గోడ వైపు చూస్తుండగా లాక్కున్నాను. ఇది ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు నాన్నా అన్నాను. ఆయన చప్పున తగ్గాడు.

"క్రేను తాళం లాగా అన్నమాట. ఎంత దోస్తు అడిగినా ఇవ్వకూడదు."

"అంతే."

"మరి ముందే సెప్పొచ్చు కదే" అని క్యాలెండరు తిరగేసి గోడకు తగిలించాడు.

అలీపూర్ కోర్టు బయట, ఒక పాత మేడ మెట్ల కింద నాకు చిన్న గది దొరికింది. రుసుముల బోర్డు లోపలొకటీ బయటొకటీ పెట్టాలని రూలు, కాబట్టి గదిలో గోడ కన్నా బోర్డే ఎక్కువ కనిపిస్తుంది. పక్కనే టైపిస్టు దాదా కూర్చుంటాడు, బెంగాలీలో దాదా అంటే అన్న; ఆయనకు నేను దిదీని, అంటే అక్కని. ఏ అఫిడవిట్ కావాలన్నా దాదా కంప్యూటర్లో తయారుగా ఉంటుంది, పేరూ ఊరూ మార్చి తీసి ఇవ్వడమే. మనిషి మంచివాడు, కానీ ఆయన దృష్టిలో లోకంలో ఉన్న బతుకులన్నీ ఆయన కంప్యూటర్లో ముందే టైపు అయి ఉన్నాయి.

నోటరీ పనిలో మొదటి సూత్రం, కాగితం ఎవరిదో ఆ మనిషి నా ఎదుటికి రావాలి. చెప్పుకోవడానికి ఇంత సులువైన సూత్రం ఇంకొకటి లేదు, మనవాళ్ళ చేత పాటింపజెయ్యడం అంత కష్టమైనదీ లేదు. సాల్ట్ లేక్ ఆఫీసుల్లో పనిచేసే ఒక కుర్రాడు బయట బోర్డు మీద తెలుగులో కూడా రాసి ఉండడం చూసి సంబరంగా లోపలికి వచ్చాడు. "అక్కా, మా రూమ్మేటు ఊరికి పోయిండు. వాని సంతకం నేనే పెడ్త, నువ్వు జర ముద్ర కొట్టు" అన్నాడు. అక్కా అన్నాడు కాబట్టి టీ ఇప్పించి పంపాను. ఇంకో రోజు ఒక జంట వచ్చి పెళ్ళి చెయ్యమన్నారు. నోటరీ కాగితంతో పెళ్ళి అవ్వదు నాయనా, రిజిస్ట్రారు దగ్గరికి పొండి అంటే, పిల్ల ఆ అబ్బాయి వంక చూసిన చూపుకి వాళ్ళు ఎక్కడికీ వెళ్ళరనిపించింది. ఒకసారి మా లైను నుంచే ఒక బాబాయి ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని వచ్చాడు.

"తమ్ముడు బడ్జ్ బడ్జ్‌లో డ్యూటీ మీదున్నాడమ్మా. ఆడొక్కడు రాలేదని మేమందరం ఒచ్చినాం" అన్నాడు.

ఒక్క మనిషి రాకపోతే బదులుగా ఏడుగురు వస్తే చట్టానికి లాభమే కదా అని ఆయన లెక్క. తమ్ముడు వస్తేనే సీలు అన్నాను. మన పిల్ల నోటరీ అయ్యి ఏటి లాభం అని లైనంతా చెప్పుకున్నారట. ఆ మాట నాకు చెప్పినవాడు నాన్నే, చెప్పి నవ్వినవాడూ నాన్నే.

ఇలా నా పరువు సగం పోయిన తర్వాత, జూలైలో ఒక మధ్యాహ్నం జోరు వానలో మామ్మ వచ్చింది. గొడుగు మూసి, గదంతా ఒకసారి చూసి, కుళాయి ఏదీ లేకపోవడంతో నాతోనే మాట్లాడింది.

"ఒలే, ఈ గుంట కాలేజీకి ఏదో కాయితం కావాలంట. బేగి సూడు."

వెనకాల మామ్మ దగ్గరే పెరిగిన మనవరాలు, ప్లాస్టిక్ సంచిలో ఫైలు చుట్టుకుని నిలబడి ఉంది. లైనులో ఎవరికి మందు చీటీ వచ్చినా చదివి చెప్పేది, ముసలివాళ్ళ బీపీ చూసేది ఆ పిల్లే. పన్నెండో తరగతి పాసై నర్సింగ్ కాలేజీలో సీటు తెచ్చుకుంది. చేరడానికి మర్నాడే ఆఖరు రోజు. సంరక్షకుల అఫిడవిట్ లేకపోతే చేర్చుకోరు, సీటు వరసలో తర్వాతి వాళ్ళకు పోతుంది. మామ్మ ఆ మాట వినలేనట్టు మధ్యలోనే, అందుకే బేగి అంటన్నాను అంది.

దాదా అప్పటికే టైపు చేసి ఇచ్చాడు. చదువు రాని మనిషి అఫిడవిట్ ఇచ్చేటప్పుడు నోటరీ అందులో ఉన్నదంతా ఆ మనిషికి వచ్చిన భాషలో చదివి వివరించాలి. వివరించాననీ, ఆ మనిషికి అర్థమైనట్టు కనిపించిందనీ జురాట్‌లో రాయాలి. సరే, కుర్చీ దగ్గరికి లాక్కుని ఒక్కో పేరా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. మొదటి పేరాలో పేరు, ఊరు. మామ్మ తలాడించింది. రెండో పేరా, ఈ పిల్ల నా కొడుకు కూతురు, నా సొంత మనవరాలు. మామ్మ దగ్గి, బయట వాన చూసింది. మూడోది, ఈ పిల్ల చదువుకూ నడవడికకూ బాధ్యత నాదే. తల ఊడి పడేటంతగా ఆడించింది.

"ఇదంతా నిజమని ఇప్పుడు ప్రమాణం చెయ్యాల మామ్మా. దేవుడి సాక్షిగా."

"ఒట్టా?"

"అలాంటిదే."

మామ్మ లేచి నిలబడి మనవరాలి భుజం పట్టుకుంది. "నువ్వు బైటికి నడు. ఇక్కడ నిలబడకు. నీ నీడ కూడా ఈ గదిలో పడకూడదు" అని వానలోకి తోసేసింది. తోసి తలుపు వేసి నా వైపు తిరిగింది.

"నాను ఒట్టెయ్యను."

ఎందుకని అడిగితే మొగుడి సంగతి చెప్పింది. ఆయన పోయి చాలాకాలమైంది. తాగుడు మానేస్తానని మామ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడట.

"పొద్దున్న ఒట్టేసినాడు, మాపటికి తాగీసొచ్చినాడు. ఆ దినం నుండీ నా తల ఎప్పుడు పగుల్తాదా అని సూస్తన్నాను." మామ్మ చెయ్యి పెట్టి తల ఒకసారి తడుముకుంది. "ఇంకా ఉన్నాది."

"మరి ఏమీ అవ్వలేదు కదా మామ్మా. ఇంకా భయమేటి?"

"నా తల గట్టిది. ఈ గుంట తల సంగతి నాకు తెల్దు కదే."

నవ్వు వచ్చింది కానీ ఆవిడ ముఖం చూసి మింగేశాను. మామ్మ ముందుకు వంగింది.

"సరే, ఏస్తాననుకో. నువ్వు ఏయిస్తావు. మరి ఈ ఒట్టు తీసేది ఎవులు?"

మా వాళ్ళలో ఒట్టు వెయ్యడం ఒక పని, తియ్యడం ఇంకో పని. వేసిన ఒట్టు తీసేదాకా ఆ తల మీదే ఉంటుంది. చిన్నప్పుడు మేము ఆటల్లో ఒకళ్ళ మీద ఒకళ్ళం ఒట్లు వేసుకుంటే, సాయంత్రం అమ్మలు వరసగా నిలబెట్టి అన్నీ తీయించి గానీ అన్నం పెట్టేవాళ్ళు కాదు. నోటరీ చట్టం మొత్తం కళ్ళముందు తిరిగింది. ప్రమాణం చేయించే అధికారం నాకు ఉంది. చేయించిన ప్రమాణం తీసే అధికారం నాకు గానీ, జిల్లా జడ్జికి గానీ, ఢిల్లీలో ఎవరికైనా గానీ ఇచ్చినట్టు ఎక్కడా చదవలేదు. ఇంటర్వ్యూలో ఆ పెద్దమనిషి ఇది అడిగి ఉంటే నేను ఆ రోజే ఇంటికి పోయేదాన్ని.

దాదా తలుపు సందులోంచి తల పెట్టి, దిదీ, ముసలావిడ తలాడిస్తే చాలు కదా, సీలు వేసెయ్యండి, ప్రమాణం చేసిందో లేదో ఎవరు వినొచ్చారు అన్నాడు బెంగాలీలో.

"నేను వింటున్నాను కదా దాదా" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, తల వెనక్కి వెళ్ళింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఇంటర్వ్యూలో గడగడా చెప్పిన జవాబు. ఆ రెండో దారి ఎవరి కోసం పెట్టారో నాకు ఆ మధ్యాహ్నం దాకా తెలియదు. దేవుణ్ణి నమ్మనివాళ్ళ కోసం అనుకున్నాను. మామ్మలాగా మరీ ఎక్కువ నమ్మేవాళ్ళ కోసం కూడా అని తట్టలేదు.

"ఒట్టు వద్దులే మామ్మా. ఇంకో పద్ధతి ఉంది. నేను చెప్పేది నిజం అని నీ నోటితో నువ్వు గట్టిగా చెప్పు, చాలు."

"దేవుడు రాడా?"

"రాడు."

"పిల్ల తల?"

"ఎవరి తలా రాదు. నీ మాటే. అబద్ధమని తేలితే నిన్నే పట్టుకుంటారు."

"నన్నేనా? గుంటని కాదు కదా?"

"నిన్నే."

మామ్మ హాయిగా ఊపిరి పీల్చుకుని కూర్చుంది. జైలుకు పోతావన్న మాటకు అంత తెరిపిన పడ్డ మనిషిని నేను చూడలేదు. అఫిడవిట్ ముందుకు లాగాను. మామ్మ చెయ్యి దాని మీద పడింది.

"అలగైతే ఆ రెండోది తీసీ."

"ఏది?"

"కొడుకు కూతురని ఉన్నాదే, అది. నా కొడుక్కి పెళ్ళే అవ్వలేదు కదే. నీకు తెల్దేటి?"

నాకు తెలియదు. విశాఖపట్నం పోర్టులో ఆవిడకో కొడుకు ఉన్నాడనీ, లైనులో ఆవిడ దగ్గర ఒక పిల్ల పెరుగుతోందనీ తెలుసు. రెండూ కలిపేసి మనవరాలు అనుకున్నాను. కోర్టులో సాక్షిని పది రకాలుగా గుచ్చి గుచ్చి అడిగే మనిషిని, సొంత లైనులో ఒక్క ముక్క అడగలేదు. మామ్మ తలుపు వైపు చూస్తూ గొంతు తగ్గించి చెప్పింది. నా పెళ్ళయ్యాక లైనుకు వచ్చిన ఒక చిన్న కుటుంబం మామ్మ పక్క గదిలో ఉండేది. పిల్లకు ఇంకా నడక రాకముందే తల్లి జ్వరంతో పోయింది. తండ్రి వేరే రేవులో పని చూసుకుని వచ్చి తీసుకెళ్తానని పిల్లను మామ్మ ఒళ్ళో పెట్టి పోయాడు, మళ్ళీ రాలేదు. లైనులో పెద్దవాళ్ళందరికీ తెలుసు. పిల్ల చెవిన పడకూడదని ఎవరూ ఎత్తరు.

ఆవిడ ఒట్టుకు ఎందుకంత భయపడిందో అప్పుడు బోధపడింది. అబద్ధపు ఒట్టు వేసి ఆ పిల్ల తలకు ముప్పు తేలేదు. అలాగని నిజం కూడా కాగితం మీద పెట్టలేదు.

"ఇది నాది కాదని రాసిస్తే, రేపొద్దున్న ఎవులైనా ఒచ్చి నీది కాదు కదా ఒగ్గీ అంటే? కాలేజీ వోలంటే?" మామ్మ తలుపు వైపు వేలు చూపించింది. "ఈ గుంటే అంటే?"

బల్ల మీద నా సీలు ఉంది, అంత మురిసిపోయిన సీలు, ఈ ప్రశ్నకు అది ఎందుకూ పనికిరాదు. అబద్ధమని తెలిశాక ఆ కాగితం మీద దాన్ని వెయ్యలేను, వెయ్యకపోతే రేపటికి సీటు ఉండదు. ఫైలులోంచి కాలేజీ వాళ్ళ కాగితం తీసి మొదటి నుంచి చదివాను. తల్లిదండ్రులు లేదా సంరక్షకులు అని ఉంది. సంరక్షకులు రక్తసంబంధీకులే అయ్యుండాలని ఎక్కడా లేదు. ఆ మాటే మామ్మకు చెప్పాను. పెంచినదానివి నువ్వు, నిజం రాసినా సంరక్షకురాలివి నువ్వే, అబద్ధం రాస్తేనే ఎప్పుడైనా బయటపడి సీటుకు ఎసరొస్తుంది అన్నాను. కాలేజీ సంగతి ఆవిడ నమ్మింది. ఆవిడ చూపు తలుపు మీదే ఉంది.

తలుపు తెరుచుకుంది. పిల్ల తడిసి ముద్దయి నిలబడింది. మెట్ల కింద గది తలుపు ఎంత పల్చనో నాకు తెలిసి ఉండాల్సింది.

"మామ్మా, నాకు తెలుసు" అంది.

"ఏటి తెలుసు?"

"అదే. లైనంతటికీ తెలిసింది నాకు తెలీకుండా ఉంటాదా? కుళాయి కాడ అందరూ చెప్పుకుంటారు కదా. చిన్నప్పుడే విన్నాను."

"మరి నాకు సెప్పలేదేటే?"

"నువ్వు దాస్తున్నావు కదా. నాకు తెలిసిపోయిందని తెలిస్తే నువ్వు బాధపడతావని."

మామ్మ నోరు తెరిచి నా వైపు చూసింది. "సూసినావటే! నాను దాస్తన్నానని ఇది దాసినాదంట! బాధంట, నాకంట!" అని పిల్ల వీపు మీద ఒకటి వేసింది. అదే చేత్తో తడి జుట్టు తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, రెండూ అనుకుంటాను. కొడుకు కూతురని టైపు ఎలా అయిందని అడిగితే, "దాదా నాయనమ్మా అని అడిగాడు, అవునన్నాను. మరేమంటాను?" అంది పిల్ల.

దాదాను పిలిచి కొత్తగా టైపు చేయించాను. ఆయన కంప్యూటర్లో ఇలాంటి పేరా లేదు. ఈ పిల్లకూ నాకూ రక్తసంబంధం లేదు, కానీ నడక రాని వయసు నుంచీ నేనే పెంచాను అని నేను చెబుతుంటే మామ్మ ఆపింది.

"లేదూ అని మొదలెట్టకే. పెంచినానని ముందు రాయి. లేదన్నది ఎనకాల ఎక్కడో ఒక మూల పెట్టు."

చట్టానికి వరసతో పట్టింపు లేదు. అలాగే రాయించాను. మొత్తం మళ్ళీ తెలుగులో చదివి వినిపించాక, ఇప్పుడు చెప్పు మామ్మా అన్నాను. ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడింది. ఈసారి పిల్లను బయటికి పంపలేదు, చెయ్యి పట్టుకునే చెప్పింది.

"నాను సెప్పింది నిజిం. అబద్దమైతే నన్ను పట్టుకోండి. గుంటని ఒగ్గీయండి."

ధ్రువీకరణకు చట్టంలో వేరే మాటలున్నాయి. అవీ తెలుగులో చెప్పించాను గానీ, నా లెక్కలో మామ్మ అప్పటికే ధ్రువీకరించేసింది. దాదా ఇంకు పెట్టె తెచ్చి, ఇక్కడ టిప్ సోయి అని చూపించాడు, వేలిముద్రను ఇక్కడ అలాగే అంటారు. మామ్మ ఎడమచేతి బొటనవేలు కొంగుతో తుడుచుకుని పైకెత్తి పట్టుకుంది.

"ఎక్కడ నొక్కాల?"

అదే వేలు, అదే మాట. మంచం మీద పెట్టెలోని చీర కట్టుకుని కూర్చున్న మనిషి కళ్ళముందుకు వచ్చింది. మామ్మ నా వైపు ఓరగా చూసింది.

"ఏలు పనికొస్తాదా మరి?"

"ఇది పడకపోతే నా సీలు పనికిరాదు మామ్మా" అన్నాను. సముదాయించడానికి అన్న మాట కాదు, చట్టమే అంత. ఈ మనిషి నా ఎదుటికి వచ్చి ఈ మాట చెప్పింది అని తప్ప సీలు ఇంకేమీ చెప్పదు. చెప్పాల్సింది చెప్పినది ఆ వేలే.

మర్నాడు సాయంత్రం ఉండబట్టలేక లైనుకు వెళ్ళాను. నాన్న గుమ్మంలో, మామ్మ కుళాయి దగ్గర, ఇద్దరూ వీధి మొగ వైపే చూస్తున్నారు. మామ్మ బొటనవేలు ఇంకా నల్లగానే ఉంది. సీటు ఖాయమయ్యేదాకా కడగనని, నిన్నటి నుంచీ ఆ వేలికి నీళ్ళు తగలకుండా ఒంటిచేత్తో బిందె మోస్తోందట. పిల్ల మలుపు తిరుగుతూనే ఫైలు ఎత్తి ఊపింది. చేర్చుకున్నారు. గుమాస్తా రెండో పేరా రెండుసార్లు చదివి, తలెత్తి తన ముఖం చూసి, ఏమీ అడగకుండా కాగితం ఫైల్లో పెట్టేసుకున్నాడని చెప్పింది. నాన్న యూనియన్ రోజుల్లో లాగా పిడికిలెత్తి ఏదో అరిచాడు.

పిల్ల ఫైలు నా చేతిలో పెట్టి, కుళాయి తిప్పి, సబ్బు తీసుకుని మామ్మ చెయ్యి పట్టుకుంది. మామ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఉండనీయే" అంది, నా వైపు చూస్తూ. "ఇది పనికొచ్చిన ఏలు."